అలెన్ హైస్కూల్ గురించి కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

డాలస్ నుంచి 75వ నంబరు హైవే మీద ఉత్తరానికి వెళ్తే, ప్లేనో దాటాక, మెక్‌కినీ రాకముందు వచ్చే ఊరు అలెన్. కాలిన్ కౌంటీలో ఉంది. 2020 జనాభా లెక్కల్లో లక్షా నాలుగు వేల పైచిలుకు. ఉద్యోగం మారి వచ్చేవాళ్ళు, పిల్లలు ఎదుగుతున్నారని అపార్ట్‌మెంట్ వదిలి ఇల్లు వెతుక్కునేవాళ్ళు, ఇండియా నుంచి నేరుగా దిగేవాళ్ళు అందరూ దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. విడివిడిగా జవాబులు చెప్పడం కంటే ఒకచోట రాసి పెట్టడం మేలనిపించింది. నేను స్కూలు తరఫు మనిషిని కాను, ఇక్కడ పిల్లల్ని చదివించుకుంటున్న ఊరివాణ్ణి. రూల్స్ ఏటా మారుతుంటాయి, అవసరమైన చోట కౌన్సిలర్‌ని (పిల్లలు ఏ క్లాసులు తీసుకోవాలో చెప్పే స్కూలు ఉద్యోగిని) అడిగి ఖాయం చేసుకోండి.

లక్షమంది ఉన్న ఊరికి ఒకటే హైస్కూలా?

ఒకటే. తొమ్మిదో తరగతి పిల్లలు లోవరీ ఫ్రెష్‌మన్ సెంటర్ అనే వేరే క్యాంపస్‌లో ఉంటారు. పది, పదకొండు, పన్నెండు తరగతుల వాళ్ళంతా అలెన్ హైస్కూల్లోనే. అంటే ఒకే కప్పు కింద సుమారు అయిదు వేలమంది. టెక్సస్‌లో ఇంతకంటే పెద్ద హైస్కూళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

చుట్టుపక్కల ఊళ్ళు వేరే దారుల్లో వెళ్ళాయి. ఫ్రిస్కో చిన్న చిన్న హైస్కూళ్ళు కట్టుకుంటూ పోయి డజను దాకా చేరింది. ప్లేనో తొమ్మిది, పది తరగతులకి హైస్కూళ్ళు, పదకొండు, పన్నెండుకి మూడు సీనియర్ హైస్కూళ్ళు పెట్టుకుంది. అలెన్ మాత్రం ఊరు ఎంత పెరిగినా బడిని రెండు చేయలేదు. ఇక్కడి మంచీ చెడూ చాలావరకు ఈ ఒక్క నిర్ణయంలోంచే వచ్చాయి. కింది జవాబుల్లో ఇది మళ్ళీ మళ్ళీ తగులుతుంది.

అలెన్‌లో ఇల్లు తీసుకుంటే ఈ స్కూలు ఖాయమేనా?

కాదు. అడ్రస్‌లో అలెన్ అని ఉన్నంత మాత్రాన సరిపోదు. ఊరి సరిహద్దు వేరు, స్కూల్ డిస్ట్రిక్ట్ (ప్రభుత్వ బడుల్ని నడిపే పరిధి) సరిహద్దు వేరు. అలెన్ నగరంలో కొన్ని ఇళ్ళు ప్లేనో డిస్ట్రిక్ట్ కిందకి, కొన్ని లవ్‌జాయ్ డిస్ట్రిక్ట్ కిందకి వస్తాయి. ఏజెంట్ మాట, ఇళ్ళు అమ్మే యాప్‌లో కనిపించే స్కూలు పేరు రెండూ పక్కన పెట్టి, డిస్ట్రిక్ట్ వాళ్ళ వెబ్‌సైట్లో ఇంటి నంబరు కొట్టి చూసుకున్నాకే సంతకం పెట్టండి.

అలెన్ డిస్ట్రిక్ట్‌లో ఉన్నారని తేలితే మాత్రం హైస్కూల్ విషయంలో ఒక బెంగ తీరినట్టే. ఫ్రిస్కోలో కొత్త స్కూలు తెరిచినప్పుడల్లా గీతలు మార్చడం, ఈ వీధి వాళ్ళు ఆ స్కూలుకి, ఆ వీధి వాళ్ళు ఇంకో స్కూలుకి వెళ్ళడం మామూలు. ఇక్కడ గీసుకోవడానికి గీతే లేదు.

అద్దెకుంటే చేర్చుకుంటారా? వీసా అడుగుతారా? డొనేషన్ ఎంత?

అద్దెకున్నా చేర్చుకుంటారు. లీజు కాగితం, మీ పేరు మీద కరెంటు బిల్లో నీళ్ళ బిల్లో చాలు. డొనేషన్ లేదు, ట్యూషన్ ఫీజు లేదు, ప్రవేశ పరీక్ష లేదు.

వీసా సంగతి. పిల్లల ఇమిగ్రేషన్ స్థితిని బట్టి ప్రభుత్వ బడిలో చదువు కాదనకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1982లో ప్లైలర్ వర్సెస్ డో కేసులో తీర్పు చెప్పింది. ఆ కేసు పుట్టింది కూడా టెక్సస్‌లోని టైలర్ ఊళ్ళోనే. హెచ్-4 (హెచ్-1బీ మీద పనిచేసేవాళ్ళ కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్న పిల్లలకి ఏ ఇబ్బందీ లేదు.

చేర్పించడానికి ఏమేం తెచ్చుకోవాలి?

పాస్‌పోర్ట్ లేదా జనన ధ్రువపత్రం, అడ్రస్ ప్రూఫ్, తల్లిదండ్రుల గుర్తింపు కార్డు, టీకాల రికార్డు, ఇండియా స్కూలు నుంచి మార్కుల పత్రాలు. టీకాల దగ్గరే మనవాళ్ళు చిక్కుకుంటారు. చిన్నప్పుడు వేయించిన కార్డు అమ్మమ్మగారింట్లో ఏ బీరువాలోనో ఉంటుంది. చికెన్‌పాక్స్, హెపటైటిస్-ఏ, మెనింజైటిస్ టీకాలు మన దగ్గర చాలామంది వేయించి ఉండరు, ఇక్కడ అడుగుతారు. విమానం ఎక్కేముందే కార్డు వెతికి ఫొటో తీసి పెట్టుకోండి.

మార్కుల విషయంలో ఒక సూచన. పదో తరగతి మెమో ఒక్కటే తెస్తే సరిపోదు. ఎనిమిది, తొమ్మిది తరగతుల ప్రోగ్రెస్ కార్డులు కూడా స్కూలు ముద్ర వేయించి తెచ్చుకోండి. ఇక్కడ హైస్కూల్ లెక్క తొమ్మిది నుంచి మొదలవుతుంది కాబట్టి ఆ ఏడాది చదివినవాటికి క్రెడిట్లు (పాసైన ఒక్కో సబ్జెక్టుకి వేసే లెక్క) రావాలంటే రుజువు కావాలి.

ఇంట్లో మాట్లాడే భాష తెలుగు అని రాస్తే పిల్లవాణ్ణి ఇంగ్లీషు రానివాళ్ళ క్లాసులో వేస్తారట, నిజమేనా?

మొదటిసారి టెక్సస్ ప్రభుత్వ బడిలో చేరినప్పుడు ఇంట్లో ఏ భాష వాడతారని ఒక ఫారం నింపమంటారు. తెలుగు అని రాస్తే పిల్లలకి ఇంగ్లీషు పరీక్ష పెడతారు. అందులో గట్టెక్కితే మామూలు క్లాసులే. గట్టెక్కకపోతే అదనపు ఇంగ్లీషు సాయం ఇస్తామంటారు, అది మీ అనుమతితోనే జరుగుతుంది. కాకపోతే వద్దన్నా, పిల్లవాడు ఆ జాబితాలోంచి బయటపడే దాకా ఏటా ఒక భాషా పరీక్ష రాయాల్సి వస్తుంది.

దీనికి భయపడి ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడతామని అబద్ధం రాసేవాళ్ళున్నారు. నా ఉద్దేశంలో అది అనవసరం. హైదరాబాద్‌లో ఇంగ్లీషు మీడియం చదివిన పిల్లలకి పరీక్ష పెద్ద కష్టమేం కాదు. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలకైతే ఆ సాయం నిజంగానే అవసరం, దాన్ని పరువు తక్కువగా చూడకండి.

మా అమ్మాయి అక్కడ పదో తరగతి పాసైంది. ఇక్కడ ఏ క్లాసు?

వయసు, క్రెడిట్లు రెండూ చూసి చెప్తారు. పదిలోనో, పదకొండులోనో వేస్తారు. ఇంటర్ మొదటి ఏడాది మధ్యలో వచ్చేస్తే పదకొండు. ఒక ఏడాది వెనక్కి పోతోందని బాధపడేవాళ్ళకి చెప్పేదొకటే. పదకొండులో దిగిన పిల్లకి కాలేజీ దరఖాస్తు పెట్టడానికి ఏడాదికి మించి పెద్దగా సమయం ఉండదు. టీచర్లకి తన ముఖం తెలిసేలోపే సిఫారసు ఉత్తరాలు అడగాల్సి వస్తుంది. వయసు కుదిరితే పదిలో చేరడమే నయం.

డిగ్రీకి ముందు ఇంటర్ అనే విడి కాలేజీ ఇక్కడ ఉండదు. పన్నెండు దాకా ఇదే బడి. ఎంపీసీ, బైపీసీ గ్రూపులూ ఉండవు. టెక్సస్‌లో 2013 నాటి చట్టం ప్రకారం డిప్లొమాకి (హైస్కూల్ పట్టాకి) కనీసం 22 క్రెడిట్లు, ఏదో ఒక రంగం మీద ఎక్కువ చదివినట్టు ఎండార్స్‌మెంట్‌తో కావాలంటే 26. లెక్కలు చదివే పిల్ల నాటకమో, వంటో, ఆటోమొబైల్ రిపేరో కూడా తీసుకోవచ్చు. మన కార్పొరేట్ కాలేజీల్లోంచి వచ్చినవాళ్ళకి మొదట ఇది టైంపాస్‌లా కనిపిస్తుంది. అయిదు వేలమంది ఉన్న బడి కాబట్టే అన్ని రకాల కోర్సులు నడపగలుగుతోంది, పదిమంది చేరితే క్లాసు నిలబడదు కదా. 2020లో ఇంజినీరింగు, సైన్సు ప్రయోగాల కోసం స్టీమ్ సెంటర్ అని విడిగా ఒక భవనమే తెరిచారు.

డిప్లొమాకి ఇంకో షరతు రాష్ట్ర పరీక్షలు. ఆల్జీబ్రా 1, ఇంగ్లీష్ 1, ఇంగ్లీష్ 2, బయాలజీ, అమెరికా చరిత్ర అని అయిదు. ఇక్కడికి రాకముందే క్రెడిట్ వచ్చిన సబ్జెక్టుకి మినహాయింపు ఉంటుందేమో అడగండి. ఈ పరీక్షల విధానాన్ని మారుస్తూ 2025లో చట్టం చేశారు, 2027–28 నుంచి అమల్లోకి వస్తుంది.

క్లాసులో ర్యాంకు గురించి అందరూ ఎందుకంత కంగారుపడతారు?

టెక్సస్‌లో దీనికో చట్టం ఉంది కనుక. కాలేజీ ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోవద్దని 1996లో హాప్‌వుడ్ కేసులో ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు తీర్పు చెప్పింది. అన్ని వర్గాల పిల్లలూ వర్సిటీకి చేరాలంటే వేరే దారి కావాలని మరుసటి ఏడాది, 1997లో, రాష్ట్ర శాసనసభ ఒక పద్ధతి తెచ్చింది. ఏ హైస్కూల్ అయినా సరే, పట్నమైనా పల్లె అయినా, క్లాసులో పైనున్న పది శాతం మందికి రాష్ట్ర ప్రభుత్వ వర్సిటీల్లో ప్రవేశం దానంతటదే వస్తుంది.

ఆస్టిన్‌లోని యూటీకి (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌కి) మాత్రం గిరాకీ ఎక్కువై ఆ గీతని పైకి జరుపుకుంటూ వచ్చారు. చాలా ఏళ్ళు ఆరు శాతం ఉండేది, 2026లో చేరే బ్యాచ్ నుంచి అయిదు శాతం. అలెన్‌లో ఏటా పదిహేను వందలకు పైగా పట్టా పుచ్చుకుంటారు. అందులో అయిదు శాతమంటే డెబ్బై అయిదు, ఎనభై మంది. ఆ ఎనభైలోకి రావడానికి పోటీపడేవాళ్ళలో మన ఇళ్ళ పిల్లలు, చైనా వాళ్ళ పిల్లలు, కొరియా వాళ్ళ పిల్లలు దండిగా ఉంటారు. అదే పిల్ల ఏ పశ్చిమ టెక్సస్ పల్లెలోనో చదివితే అవలీలగా మొదటి అయిదు శాతంలో ఉండేదేమో. అందుకని పల్లెకి మారిపోయేవాళ్ళ కథలు కూడా వింటుంటాం. తిండికీ స్నేహాలకీ మొహం వాచిపోయే చోటికి పదిహేనేళ్ళ పిల్లని ర్యాంకు కోసం తీసుకెళ్ళడం నాకు నచ్చదు.

మర్చిపోకూడనిది ఇంకోటి. ఆ అయిదు శాతం ఇచ్చేది వర్సిటీలో ప్రవేశం మాత్రమే. కంప్యూటర్ సైన్సో ఇంజినీరింగో కావాలంటే విడిగా నెగ్గాలి. మనవాళ్ళు కోరేది సరిగ్గా ఆ రెండే కాబట్టి, ఏడో శాతంలో ఉన్న పిల్లవాడి జీవితం అయిపోయిందన్నట్టు ఇంట్లో శోకాలు పెట్టనక్కర్లేదు. ర్యాంకులో వెనకబడ్డా మంచి వ్యాసం, చేసిన పని చూపించి సీటు తెచ్చుకున్న పిల్లలు ఏటా ఉంటారు.

అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ క్లాసులు ఎన్ని తీసుకోవాలి?

ఎన్ని తీసుకుంటే నిద్రపోగలరో అన్ని. ఇవి బడిలోనే చెప్పే కాలేజీ స్థాయి క్లాసులు. వాటికి జీపీఏలో (మార్కుల సగటులో) బరువు ఎక్కువ, అందుకే ర్యాంకు పందెంలో ఉన్నవాళ్ళు ఏడాదికి ఆరేడు నెత్తికెత్తుకుంటారు. ఏడాది చివర మే నెలలో పరీక్ష, 1 నుంచి 5 దాకా స్కోరు. 3 వస్తే టెక్సస్ ప్రభుత్వ కాలేజీలు క్రెడిట్ ఇవ్వాలని 2015లో చట్టం చేశారు. ప్రైవేటు వర్సిటీలకి, బయటి రాష్ట్రాలకి ఇది వర్తించదు. కాలిన్ కాలేజీతో కలిసి నడిపే, బడికీ కాలేజీకీ ఒకేసారి లెక్కకొచ్చే డ్యూయల్ క్రెడిట్ క్లాసులు ఇంకో దారి. మెడిసిన్ వైపు వెళ్ళాలనుకునేవాళ్ళు ఏది తీసుకోవాలో కౌన్సిలర్‌తో ముందే మాట్లాడండి.

తెలుగుకి క్రెడిట్ ఇస్తారా?

డిప్లొమాకి ఒకే భాషలో రెండు క్రెడిట్లు కావాలి. అందరూ స్పానిష్ తీసుకుంటారు. తెలుగు క్లాసు బడిలో లేదు. కానీ క్లాసులో కూర్చోకుండా పరీక్ష రాసి క్రెడిట్ తెచ్చుకునే వీలుని డిస్ట్రిక్ట్‌లు ఇస్తుంటాయి. అవాంట్ అనే సంస్థ పెట్టే స్టాంప్ పరీక్షల్లో తెలుగు రాయడం, మాట్లాడడం కూడా ఉన్నాయి. వారాంతాల్లో మనబడి తెలుగు తరగతులకి పంపినవాళ్ళకి ఇక్కడ ఆ కష్టం అక్కరకొస్తుంది. ఏ పరీక్షని ఒప్పుకుంటారో, ఎన్ని క్రెడిట్లు ఇస్తారో తొమ్మిదో తరగతి మొదట్లోనే అడగండి. పన్నెండులో అడిగితే స్పానిష్ రెండేళ్ళు అప్పటికే అయిపోయి ఉంటుంది.

అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియానికి ఆరు కోట్ల డాలర్లు పెట్టారట. ఆ డబ్బుతో టీచర్ల జీతాలు పెంచొచ్చుగా?

ఈ ప్రశ్న అడగని తెలుగువాణ్ణి నేను చూడలేదు. అడగాల్సిందే.

2009లో అలెన్ ఓటర్లు సుమారు 11.9 కోట్ల డాలర్ల బాండు అప్పుకి ఒప్పుకున్నారు. అందులో స్టేడియం, కళల ప్రదర్శనశాల, బస్సుల డిపో లాంటివి ఉన్నాయి. ఈగిల్ స్టేడియం సుమారు 6 కోట్ల డాలర్లతో 18 వేల సీట్లతో 2012లో తెరుచుకుంది. దేశమంతా వార్త అయింది, సగం మెచ్చుకోలు, సగం వెక్కిరింత. రెండేళ్ళు తిరక్కుండానే, 2014 ఫిబ్రవరిలో, కాంక్రీటులో పగుళ్ళు కనిపించి మూసేశారు. ఆ ఏడాది సొంత ఊళ్ళో ఆడాల్సిన ఆటలు వేరే చోట్ల ఆడారు. మరమ్మతు చేసి 2015లో మళ్ళీ తెరిచారు. ఇంత జరిగినా పక్కనున్న మెక్‌కినీ ఊరు 2018లో ఇంకా ఖరీదైన స్టేడియం కట్టుకుంది.

ఇక జీతాల మాట. టెక్సస్‌లో బడి పన్ను రెండు జేబుల్లోకి పోతుంది. ఒకటి జీతాలు, కరెంటు, రోజువారీ ఖర్చులకి. రెండోది బాండు అప్పు తీర్చడానికి. బాండు కింద తెచ్చిన డబ్బుని భవనాలకీ, బస్సులకీ, సామగ్రికీ వాడొచ్చు. జీతాలకి వాడడానికి చట్టం ఒప్పుకోదు. స్టేడియం కట్టకపోతే మిగిలేది పన్ను కట్టేవాడి డబ్బేగాని, టీచరుకి పైసా చేరదు. జీతాల వైపు జేబుని రాష్ట్రం గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఒక్కో విద్యార్థికి ఇచ్చే మూల మొత్తం 2019 నుంచి 6,160 డాలర్ల దగ్గరే ఆగిపోయి, 2025లో 55 డాలర్లు పెరిగింది. మధ్యలో ధరలు ఎంత పెరిగాయో కిరాణా కొట్టుకి వెళ్ళేవాళ్ళందరికీ తెలుసు. కోపం చూపించాలంటే స్టేడియం మీద కంటే ఆస్టిన్‌లో శాసనసభ మీద చూపించడం న్యాయం.

శుక్రవారం రాత్రి ఆటకి మేం వెళ్ళాలా? మాకు ఆ ఆటే అర్థం కాదు.

ఒక్కసారైనా వెళ్ళండి. అలెన్ జట్టు రాష్ట్ర ఛాంపియన్‌గా 2008, 2012, 2013, 2014, 2017లో నెగ్గింది. కైలర్ మర్రీ ఇక్కడ క్వార్టర్‌బ్యాక్‌గా (బంతి విసురుతూ జట్టుని నడిపేవాడిగా) మొదలుపెట్టిన 42 ఆటల్లో ఒక్కటీ ఓడలేదు. 2018లో కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచి, 2019లో ప్రొఫెషనల్ లీగ్ డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు ఎంపికయ్యాడు.

ఆట అర్థం కాకపోయినా నష్టం లేదు. వచ్చినవాళ్ళలో ఆట చూసేవాళ్ళు కొందరే. పిల్లలెవరూ బడిలో లేని ముసలివాళ్ళు వస్తారు, ముప్పై ఏళ్ళ కింద ఇక్కడ చదివినవాళ్ళు వస్తారు, ఎలిమెంటరీ పిల్లలు మెట్ల కింద వాళ్ళ ఆట వాళ్ళు ఆడుకుంటుంటారు. మన ఊళ్ళో జాతరకి దేవుడి మీద భక్తి ఉన్నవాళ్ళు మాత్రమే వెళ్తారా ఏమిటి? ఊరికంతటికీ బడి ఒకటే కాబట్టి ఇటు కూర్చున్నవాళ్ళంతా ఒకే జట్టు. ఊళ్ళో రెండు, మూడు హైస్కూళ్ళు ఉన్నచోట ఇది ఉండదు. అలెన్‌ని విడగొట్టకపోవడానికి ఈ మమకారం పెద్ద కారణమని ఊళ్ళో ఎవరినడిగినా చెప్తారు. గెలిచే జట్టు రెండు ముక్కలవుతుందన్న బెంగ కూడా అందులో ఉంది, దాన్ని పైకి అనేవాళ్ళు తక్కువ.

మా వాడికి బ్యాండ్‌లో చేరాలని ఉంది. తొమ్మిదిలో చేరొచ్చా?

కష్టం. టెక్సస్‌లో బ్యాండ్ ఆరో తరగతిలో మొదలవుతుంది. తొమ్మిదికి వచ్చేసరికి పిల్లలకి మూడేళ్ళ సాధన ఉంటుంది. ఇండియాలో కీబోర్డో వయొలినో నేర్చుకున్నవాళ్ళు ఆర్కెస్ట్రా, పర్కషన్ వైపు అడిగి చూడొచ్చు.

అలెన్ బ్యాండ్ పేరు ఈగిల్ ఎస్కడ్రిల్. ఆరు వందలమందికి పైగా ఒకేసారి మైదానంలోకి దిగుతారు, దేశంలోనే పెద్ద బ్యాండ్లలో ఒకటి. చాలాచోట్ల బ్యాండ్ చిన్న జట్టుగా పోటీలకోసం తయారవుతుంది, ఎంపికలో సగంమంది రాలిపోతారు. ఇక్కడ సంఖ్యే గొప్ప. పెద్ద బడిలో తప్పిపోతాడేమో అని భయపడే పిల్లవాడికి ఇదే మంచి మందు, ఆగస్టు ఎండలో కలిసి చెమటోడ్చిన స్నేహితులు బడి తెరిచేనాటికే సిద్ధంగా ఉంటారు. పైగా మార్చింగ్ బ్యాండ్‌ని వ్యాయామం క్రెడిట్ కింద లెక్కేస్తారు. సోమవారం నుంచి శనివారం దాకా సాయంత్రాలు మాత్రం మీవి కావు. కూచిపూడి రంగప్రవేశం, బ్యాండ్ పోటీ ఒకే అక్టోబరులో పడ్డ ఇళ్ళలో ఏం జరిగిందో ఆ తల్లుల్నే అడగండి.

ఆటల్లో పడి చదువు పాడైతే?

దానికి 1984 నుంచీ టెక్సస్‌లో చట్టం ఉంది. పాసవకపోతే ఆట లేదు అని అందరూ అనేది అదే. ఏ సబ్జెక్టులోనైనా 70 కంటే తగ్గితే మూడు వారాలు పోటీలకి దూరం. ఫుట్‌బాల్ హీరోకైనా, డ్రమ్ము కొట్టేవాడికైనా ఒకటే. కష్టమైన అడ్వాన్స్‌డ్ క్లాసులకి కొంత సడలింపు ఉంటుంది.

హోమ్‌కమింగ్‌కి 'మమ్' కావాలంటోంది మా అమ్మాయి. ఏమిటది?

హోమ్‌కమింగ్ అంటే పాత విద్యార్థుల్ని బడికి పిలిచి, ఫుట్‌బాల్ ఆటతో చేసుకునే ఏటా వేడుక. మమ్ అంటే చామంతి పువ్వు. ఒకప్పుడు నిజం పువ్వు, ఇప్పుడు గుడ్డ పువ్వు. దానికి నేల దాకా వేలాడే రిబ్బన్లు, గంటలు, చిన్న ఎలుగుబంటి బొమ్మ, పేర్లు, కొన్నింటికి లైట్లు కూడా. అమ్మాయిలు మెడలో వేసుకుంటారు, అబ్బాయిలకి చేతికి కట్టుకునే చిన్నది. టెక్సస్ దాటితే ఎవరికీ తెలియదు. కొట్లో కొంటే వంద డాలర్లు దాటిపోతుంది. క్రాఫ్ట్ సామాన్ల కొట్టులో రిబ్బన్లు కొని ఇంట్లో చేసుకుంటే సగానికి సగం తగ్గుతుంది. బతుకమ్మ పేర్చిన చేతులకి ఇదో లెక్కా? వద్దని మాత్రం అనకండి, అడిగేది ఏడాదికి ఒక్కసారే.

డిసెంబరులో ఇండియా వెళ్ళి సంక్రాంతి చూసుకుని వస్తే ఏమవుతుంది?

క్రెడిట్ రావాలంటే క్లాసు జరిగిన రోజుల్లో 90 శాతం హాజరుండాలి. ఇండియా ప్రయాణం అనుమతి లేని గైర్హాజరీ కిందకే వస్తుంది. ఆరు నెలల్లో అలాంటివి పదికి చేరితే ట్రూయన్సీ (బడి ఎగ్గొట్టడం) కాగితాలు ఇంటికొస్తాయి. ఎలిమెంటరీలో చెల్లిపోయినట్టు ఇక్కడ చెల్లదు. పైగా డిసెంబరు మధ్యలో సెమిస్టర్ పరీక్షలుంటాయి. సెలవులు మొదలయ్యాక బయల్దేరి జనవరి మొదటి వారానికి తిరిగిరావడమే దారి, సంక్రాంతి ఫోన్లో చూసుకోవాల్సిందే.

పండుగకి ఒక రోజు సెలవు మాత్రం వేరు. మతపరమైన పర్వదినాలకి బడి మానితే అనుమతించాలని రాష్ట్ర చట్టంలోనే ఉంది. దీపావళికో ఉగాదికో ముందే రాసి పంపండి.

ఫోన్లు?

2025–26 నుంచి టెక్సస్ ప్రభుత్వ బడులన్నిటిలో బడి వేళల్లో నిషేధం. అత్యవసరమైతే ఆఫీసుకి ఫోన్ చేయండి.

తుపాకుల భయం ఉంది. బడి భద్రమేనా?

దీనికి తేలిక జవాబు లేదు. 2022 మేలో టెక్సస్‌లోనే యువాల్డీ ఊరి బడిలో పందొమ్మిది మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు కాల్పుల్లో చనిపోయారు. 2023 మే 6న అలెన్‌లోనే, ఔట్‌లెట్ మాల్ దగ్గర, ఎనిమిది మందిని చంపారు. వాళ్ళలో ఒకరు మన తెలుగమ్మాయి, ఇంజినీరు. బడిలో జరగకపోయినా ఈ ఊరి పిల్లలందరికీ ఆ శనివారం గుర్తే.

ఆ ఏడాదే రాష్ట్రం ప్రతి క్యాంపస్‌లోనూ ఆయుధంతో ఒక అధికారి ఉండాలని చట్టం చేసింది. తలుపులు తాళాలు వేసే ఉంటాయి, తల్లిదండ్రులైనా గుర్తింపు కార్డు చూపించే లోపలికెళ్ళాలి. ఏడాదికి కొన్నిసార్లు లాక్‌డౌన్ డ్రిల్ (దాడి జరిగితే తలుపులు వేసుకుని దాక్కునే సాధన) చేయిస్తారు. ఇండియా నుంచి కొత్తగా వచ్చిన పిల్లలు మొదటి డ్రిల్‌కి హడలిపోతారు. అలాంటిది ఉంటుందని ఇంట్లో ముందే చెప్పి ఉంచండి. టోర్నడో డ్రిల్ వేరు, అందులో తల మీద చేతులు పెట్టుకుని గోడవారగా కూర్చోవాలి. రెండూ కలిపి చెప్తే పిల్లలు గందరగోళపడతారు.

మనసు బాగోకపోతే, చదువు ఒత్తిడైనా ఇంకేదైనా, 988కి ఫోన్ చేయొచ్చు, మెసేజ్ చేయొచ్చు. ఆ నంబరు పిల్లల ఫోన్లో ఉండనివ్వండి.

భోజనం?

శాకాహారులకి చీజ్ పిజ్జా, సలాడ్, ఫ్రైస్. నాలుగు రోజులకే మొహం మొత్తుతుంది. డబ్బా కట్టివ్వండి, పులిహోర చల్లారినా బాగుంటుంది.

ఇంటి పన్ను ఇంత ఎందుకు? ప్లేనో వాళ్ళ డబ్బు వేరే ఊళ్ళకి పోతుందంటారు?

టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. ఆ భారమంతా ఇంటి మీద పడుతుంది, అందులో పెద్ద వాటా బడిదే. సొంతింట్లో ఉంటూ హోమ్‌స్టెడ్ దరఖాస్తు పెట్టుకుంటే బడి పన్ను లెక్కలో ఇంటి విలువలోంచి కొంత తీసేస్తారు. అది 2023లో లక్ష డాలర్లైంది, 2025 నవంబరు ఓటింగులో లక్షా నలభై వేలకి పెంచారు. ఇల్లు కొని ఈ ఫారం పెట్టని మనవాళ్ళు ఇంకా ఉన్నారు.

డబ్బు బయటికి పోవడం నిజమే. ఆస్తుల విలువ ఎక్కువున్న డిస్ట్రిక్ట్‌ల నుంచి కొంత తీసి రాష్ట్రం తన చేతిలోకి తెచ్చుకునే పద్ధతి 1993లో వచ్చింది. రాబిన్‌హుడ్ అంటారు. ప్లేనో ఏళ్ళ తరబడి పెద్ద మొత్తాలు కడుతోంది. పేద ఊళ్ళ బడులూ నడవాలి కదా అన్న మూల ఆలోచన తప్పు కాదు.

మాకు ఓటు లేదు. మా మాట ఎవరు వింటారు?

డిస్ట్రిక్ట్‌ని నడిపే స్కూల్ బోర్డులో ఏడుగురు సభ్యులు, ఎన్నికైనవాళ్ళు, జీతం లేనివాళ్ళు. ఓటు పౌరులకే, గ్రీన్‌కార్డుకి కూడా లేదు. కానీ బోర్డు మీటింగులో లేచి మాట్లాడడానికి పౌరసత్వం అక్కర్లేదు. ముందుగా పేరు రాయించుకుంటే కొన్ని నిమిషాలు ఇస్తారు.

ఇది ఉత్తుత్తి తంతు అనుకోకండి. కొత్త పిల్లలు తగ్గిపోవడంతో 2023లో అలెన్‌లో రెండు ఎలిమెంటరీ బడులు మూసేశారు. ఇళ్ళ ధరలు పెరిగి చిన్న పిల్లలున్న కుటుంబాలు ఇంకా ఉత్తరానికి పోతున్నాయి, ప్లేనో కూడా మరుసటి ఏడాది నాలుగు బడులు మూయాలని తేల్చింది. ఆ మీటింగులకి జనం పోటెత్తారు. మూసివేత ఆగలేదు. కానీ మీటింగులకి వచ్చిన కుటుంబాలు బోర్డు కంట్లో పడ్డాయి, రానివాళ్ళ సంగతి ఎవరికీ తెలియలేదు. పట్టించుకోవడానికి మన పిల్ల బడి మీదికి వచ్చే దాకా ఆగితే అప్పటికి నిర్ణయం అయిపోయి ఉంటుంది.

హెచ్-4 పిల్లలకి కాలేజీ సంగతి?

బడిలో ఏ తేడా ఉండదు, తేడా పదహారో ఏట మొదలవుతుంది. స్నేహితులు జీతం వచ్చే వేసవి పనులకి వెళ్తుంటే హెచ్-4 మీద వెళ్ళకూడదు. ఫెడరల్ ఆర్థిక సాయం రాదు. టెక్సస్‌లో మూడేళ్ళు ఉండి ఇక్కడే హైస్కూల్ ముగిస్తే రాష్ట్ర కాలేజీల్లో స్థానికుల ఫీజుకి సాధారణంగా వీలుంటుంది. 21 నిండితే హెచ్-4 చెల్లదు, గ్రీన్‌కార్డు రాకపోతే ఎఫ్-1 విద్యార్థి వీసాకి మారాలి. ఇవన్నీ పిల్లలకి పదో తరగతిలోనే చెప్పండి. పన్నెండులో స్నేహితుల ముందు మొదటిసారి తెలియడం అన్యాయం.

మా అబ్బాయికి 18 నిండాయి, మార్కులు చూపించమంటే స్కూలు వెనకాడుతోంది?

ఫెడరల్ చట్టం ప్రకారం 18 నిండితే రికార్డుల మీద హక్కు విద్యార్థిదవుతుంది. మీ మీద ఆధారపడిన పిల్లవాడైతే స్కూలు మీకు ఇవ్వొచ్చు. కాలేజీకి వెళ్ళాక అది కూడా కష్టం. ఇంట్లోనే అడగడం మొదలుపెట్టండి.

చివరికి, ఫ్రిస్కోనా అలెనా?

తనంతట తాను చొరవ చూపే పిల్ల, కొత్తగా ఏదైనా ప్రయత్నించాలనుకునే పిల్ల అలెన్‌లో వికసిస్తుంది. చెయ్యి పట్టుకుని నడిపించే దాకా మూల కూర్చునే పిల్లవాడికి చిన్న బడే మేలు. అయిదు వేలమందిలో కౌన్సిలర్ తనంతట తాను వెతుక్కుంటూ రారు. జట్టులో చోటు విషయంలోనూ ఇదే. ఫ్రిస్కోలో డజను బడులంటే డజను బాస్కెట్‌బాల్ జట్లు, డజను డిబేట్ కెప్టెన్లు. ఇక్కడ అన్నీ ఒక్కొక్కటే.

వాలంటీరుగా పనిచేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్లో బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఫారం ఉంటుంది. ఏటా కొత్తగా నింపాలి, బడి తెరిచేముందే నింపేయండి. తర్వాత మీ పిల్ల ఉన్న జట్టు బూస్టర్ క్లబ్‌కి (జట్టు ఖర్చులకి డబ్బు పోగుచేసే తల్లిదండ్రుల సంఘానికి) మెయిల్ పెట్టండి. ఆటల రోజున తినుబండారాల కౌంటర్‌లో నిలబడడానికి వాళ్ళకి ఎప్పుడూ మనుషులు చాలరు. ఆ కౌంటర్ మీద వచ్చిన డబ్బే పిల్లల ప్రయాణాలకీ, బట్టలకీ వాడతారు. నాచోస్ మీద చీజ్ పోయడం వస్తే చాలు.